ఆషాఢంలో గెడ్డ దారి

ఎడమ చేతికి గోరింటాకు పెట్టి ఉంది కాబట్టి ఇప్పుడు నేను చెయ్యగలిగిన పని ఒక్కటే, కుడి చేత్తో ఫోన్ పట్టుకుని ఆదివారం గురించి ఆలోచించడం. అరచేతిలో చందమామ, వేళ్ళ కొసలకి టోపీలు, చల్లగా, బరువుగా, పచ్చి ఆకు వాసనతో. చిటికెన వేలి టోపీ కాస్త జారింది గాని కదపను. కదిపితే అంచు చెదురుతుంది, అంచు చెదిరితే శంకర్ ఫోటో చూసి ఏడిపిస్తాడు. ముందు గదిలో చాప మీద వెల్లకిలా పడుకుని ఆ చేతిని పొట్ట మీద బొమ్మలా పెట్టుకున్నాను. కంచరపాలెంలో మధ్యాహ్నాలకి నిద్ర ఉండదు. ఇంటి వెనక పట్టాల మీద ఏదో ఒక గూడ్సు బండి వెళుతూనే ఉంటుంది, కిటికీ చువ్వలు సన్నగా వణుకుతాయి, ఆ వణుకు నేలలోంచి నా వీపులోకి వచ్చి, అక్కణ్ణుంచి గొంతులోకి వచ్చి నవ్వైపోతుంది. ఈ మధ్య నాకు అన్నిటికీ నవ్వే వస్తోంది. పొద్దున పాలవాడు రెండు పొట్లాలకి బదులు మూడు వేస్తే నవ్వాను. కరెంటు పోతే నవ్వాను. అమ్మ విసుక్కుంది, "పెల్లయితే బుర్ర పోద్దేటే ఎవలికైనా" అని. పోతుందమ్మా, నీకు తెలియదు, పోతుంది, ఎంత హాయిగా పోతుందో.

ఫోన్‌లో శంకర్ పంపిన పటం ఉంది. నీలం గీత గెడ్డ, కొండమీంచి వచ్చే వాగు, దాని పక్కనే చుక్కల గీత మేం నడవబోయే దారి. ఎస్. కోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కే ముందు కుడివైపు మట్టి రోడ్డు, దాని చివర అటవీ శాఖ వాళ్ళ గేటు, అక్కడ బండి పెట్టేసి గెడ్డ వెంబడి పైకి ఎక్కితే వెదురు పొదలు, వెదురు పొదల తరవాత కర్ర వంతెన, వంతెన దాటాక దారి అడవిలోకి తిరిగి టేకు చెట్ల మధ్యనుంచి చుట్టూ వచ్చి మళ్ళీ ఆ గేటు దగ్గరే దింపుతుంది. వెళ్ళిన దారిన రానక్కర్లేదు. అది నాకు భలే నచ్చింది. వేలితో ఆ చుక్కల గీత మీద ఇప్పటికి ఎన్నిసార్లు నడిచానో. ఇక్కడ కూర్చుంటాం, ఇక్కడ కాళ్ళు నీళ్ళలో పెడతాం, ఇక్కడ, వంపు తిరిగే చోట, గేటు దగ్గరున్న వాళ్ళకి కనపడం. వానాకాలం కదా, జలగలుంటాయట, ఉప్పు పొట్లం పెట్టుకోమన్నాడు. "నిన్ను పడితే నేను లాగుతాను, నన్ను పడితే నువ్వు లాగాలి, ముందే ఒప్పందం" అని రాశాడు. నేను జలగ బొమ్మ పంపించాను. వాడూ జలగ బొమ్మే పంపించాడు. వాడూ అంటున్నాను చూడు, అమ్మ వింటే చెంప పగలగొడుతుంది, మొగుణ్ణి వాడంటావా అని. శంకర్ గారు. సాయిశంకర్ గారు. ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజనీరు గారు. పసుపు రంగు రెయిన్‌కోట్లు రెండు కొన్న గారు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, పక్కపక్కన తగిలించి ఫోటో తీసి పంపిన గారు. ఆ ఫోటో నేను రోజుకోసారైనా చూస్తాను. చిన్న కోటు చెయ్యి పెద్ద కోటు జేబులో దూర్చి ఉంటుంది.

ఆషాఢం కాకపోతే ఈ దొంగతనం అక్కర్లేదు. కొత్త కోడలు నెల్లాళ్ళూ పుట్టింట్లో ఉండాలి, మొగుడి మొహం చూడకూడదు, అత్తా కోడలూ ఒక గడప దాటకూడదు. శంకర్ ఉక్కునగరం క్వార్టర్లో వాళ్ళమ్మ దగ్గర, నేను కంచరపాలెంలో మా అమ్మ దగ్గర, మధ్యలో నగరమంతా. మొదటి వారం సరదాగానే ఉంది. రెండో వారం నేను తలగడకి పేరు పెట్టుకున్నాను. అప్పుడు శంకర్‌కి ఆదివారం ఆఫ్ వచ్చింది. షిఫ్టులు తిరుగుతూ తిరుగుతూ ఆఫ్ ఆదివారం మీద పడటం ఎంత అరుదో షిఫ్టు మనుషుల పెళ్ళాలకే తెలుస్తుంది, నాకు అప్పుడే తెలిసిపోయింది, నేనూ షిఫ్టు మనిషి పెళ్ళాన్నే కదా అని ఆ రోజంతా గర్వంగా తిరిగాను. ఇంట్లో కాలేజీ స్నేహితురాళ్ళతో అడవి చూడ్డానికి వెళుతున్నానని చెప్పాను. ఎన్ఏడీ ఫ్లైఓవర్ కింద శంకర్ హెల్మెట్ తియ్యకుండా నిలబడతాడు. నేను ఆటో దిగి మొహానికి చున్నీ చుట్టుకుని, ఎవరో అన్నట్టు నడిచి వెళ్ళి, వెనక ఎక్కేస్తాను. పెందుర్తి దాకా మాట్లాడుకోకూడదు. పెందుర్తి దాటాక చుట్టాలుండరు. సొంత మొగుడితో లేచిపోవడం ఎంతమందికి దొరుకుతుంది.

లోపలి గదిలో అమ్మ మూలుగుతోంది. అమ్మ కూడా చుట్టు తిరిగే వచ్చింది, సింహాచలం కొండ చుట్టూ, పున్నమి ముందు రోజు గిరిప్రదక్షిణకి, వట్టి కాళ్ళతో, నా పెళ్ళి బాగా జరిగిందని మొక్కు. రాత్రంతా నడిచి తెల్లారి ఆటోలో దిగితే పాదాలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి, అరికాళ్ళ తోలు లేచిపోయింది. అప్ప, మా అక్క, బకెట్లో ఉప్పు నీళ్ళు వేడి చేసి పెట్టింది. నేను పక్కన కూర్చుని ఆ కాళ్ళ ఫోటో తీసి శంకర్‌కి పంపాను, "నీ కోసం అత్తగారి త్యాగం" అని. నవ్వు బొమ్మలు పంపించి, తరవాత మందు పేరు రాశాడు. అమ్మ ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది. గుమ్మం దాటడం లేదు. ఆ కాళ్ళే బాగుంటే ఇవాళ నా ఆదివారానికి ఏ అడ్డూ ఉండేది కాదు. కొండ చుట్టూ తిరగమని ఎవరు అడిగారమ్మా నిన్ను, ఇంట్లోనే దణ్ణం పెట్టుకుంటే దేవుడు వద్దనేవాడా.

అడ్డు అన్నాను గాని, అడ్డు తొలగిపోయింది కదా. పొద్దుటే తొలగిపోయింది. మా అప్ప, హిమబిందు, నాకన్నా పెద్దది, ఇద్దరమే మేం అమ్మకి, గోరింటాకు రుబ్బుతూ రుబ్బుతూ పొత్రం ఆపి, నా వంక చూడకుండా అడిగింది.

"ఈ ఆదివారం నువ్వు రాగలవేటే నాతోటి. అమ్మ కాళ్ళు సూస్తన్నావు గదా."

ఆ ఆదివారం అంటే ధనశ్రీని చూసే ఆదివారం. ధనశ్రీ అప్ప కూతురు, తండ్రి దగ్గర ఉంటుంది, నాయనమ్మ దగ్గర, ఉక్కునగరంలోనే. మోహనకృష్ణ బావ అప్పని పంపేశాక పిల్లని ఇవ్వలేదు. కోర్టుకెళితే ఆడపిల్ల పేరు నలుగురి నోళ్ళలో పడుతుందని అమ్మ భయపడింది, పెద్దమనుషులు కూర్చున్నారు, నెలకో ఆదివారం తల్లి వచ్చి చూసుకోవచ్చు అన్నారు. మూడో నెల్లో మా అప్ప ఏం చేసిందంటే పిల్లకి ఐస్‌క్రీం కొనిపెడతానని చెప్పి ఆటో ఎక్కించుకుని దువ్వాడ స్టేషన్‌కి పోయింది. ఎక్కడికి వెళదామనుకుందో ఇప్పటికీ చెప్పదు. ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద ఒళ్ళో పిల్లని పెట్టుకుని కూర్చుంటే మోహనకృష్ణ బావ స్నేహితులే చూశారు. అప్పటినుంచి షరతు. అప్ప ఒంటరిగా రాకూడదు, మా వైపు ఆడమనిషి ఒకరు పూచీగా వెంట రావాలి. వరసగా రెండు నెలలు రాకపోతే తల్లికి పిల్ల అక్కర్లేదనుకుంటాం, ఇంక రానక్కర్లేదు, అన్నారు. అప్ప తలూపింది. కిందటి నెల వెళ్ళలేదు. కిందటి నెల ఆ ఆదివారమే నా పెళ్ళి. ఇంకో ముహూర్తం కూడా ఉంది, బుధవారం, కాని బుధవారానికి నేను కోరుకున్న హాలు దొరకలేదు, బయట లాన్, మెట్ల మీద నీళ్ళు పారే హాలు అది, ఫోటోలు ఎంత బాగా వచ్చాయో. అప్ప వాళ్ళకి ఫోన్ చేసి చెప్పి చూసింది. పెళ్ళైనా చావైనా రానిది రానిదే అన్నారట.

"నాకేం, వచ్చేద్దును అప్పా" అన్నాను, పొద్దున, గోరింటాకు ముద్ద వాసన చూస్తూ. "కాని మా అత్త ఉండేది వాళ్ళ ఎనక వరసే గదా. ఆషాడంలో నాను ఉక్కునగరంలో అడుగెడితే ఏటంటారు."

ఆ మాట నాలుక మీద ముందే తయారుగా ఉన్నట్టు వచ్చేసింది. అబద్ధం కూడా కాదు. లోపలినుంచి అమ్మ కూడా అందుకుంది.

"అదే, బాగా సెప్పింది. కొత్త కోడలు ఈ నెల్లో ఆ ఛాయలకి ఎల్లకూడదు. కంటబడితే వియ్యపురాలికి నాను ఏటి సెప్పుకోవాలి. దాని కాపురం కూడా పాడు సేత్తావేటి."

దాని కాపురం కూడా. అప్ప "నిజమేలే" అని మళ్ళీ పొత్రం తిప్పింది. మెత్తగా రుబ్బింది, వెన్నలా, తరవాత నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క వేలికీ టోపీ పెట్టింది. అప్ప వేళ్ళు నా వేళ్ళలా ఉండవు, మందుల షాపులో రోజంతా అట్టలు కత్తిరించి కత్తిరించి కణుపుల దగ్గర గరుకు. "సెయ్యి కదపకే. ఎర్రగా పండితే మొగుడు మంచోడని" అంది. నేను నవ్వుతూ "నీకూ ఎర్రగానే పండిందంట గదప్పా, మరేటయింది" అన్నాను. అప్ప కూడా నవ్వింది. నవ్వింది కదా. నవ్వకపోతే నేను బాధపడేదాన్ని. తన చేతికి పెట్టుకోలేదు, మిగిలిన ముద్ద గిన్నెతో సహా కడిగేసింది.

నాకు అప్ప పక్కన ఎక్కువసేపు కూర్చోవాలని ఉండదు ఈ మధ్య. ఎవరికైనా చెప్పగలిగిన మాట కాదిది. అన్నం నమిలేటప్పుడు దవడ దగ్గర చిన్న శబ్దం వస్తుంది అప్పకి, ఇదివరకు వినపడేది కాదు, ఇప్పుడు అదే వినపడుతుంది. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుంది. రాత్రి లైటు తీశాక "ధనశ్రీకి పళ్ళు ఊడే వయసేనేటే" అని అడుగుతుంది, దానికి నాలుగేళ్ళు, పాల పళ్ళు ఇంకా ఊడవప్పా అని ఎన్నిసార్లు చెప్పాలి. ఒంట్లో జ్వరం ఉన్న మనిషి పక్కన పడుకున్నట్టు ఉంటుంది. పెళ్ళిలో కూడా అంతే. ముహూర్తం వేళకి అప్ప పట్టుచీర కట్టుకుని నా వెనక నిలబడితే పెద్దమ్మ ఒకావిడ చెయ్యి పట్టి "నువ్వు వంటలకాడ సూసుకో అమ్మా" అని పంపించింది. నేను చూశాను. తల వంచుకుని ఉన్నా చూశాను. జీలకర్రా బెల్లం చెయ్యి శంకర్ తల మీద ఉంది, వేళ్ళ సందుల్లోంచి బెల్లం జారుతోంది, అప్ప వెళుతున్న చీర అంచు మెట్ల దగ్గర కనిపించింది, అమ్మయ్య అనుకున్నాను. ఎందుకనుకున్నానో. అనుకున్నాను అంతే, తరవాత తలంబ్రాల్లో శంకర్ నా నోట్లో బియ్యం పోశాడు, మొత్తం మర్చిపోయాను.

నిజానికి శంకర్ నాకు దొరికింది అప్ప ఆదివారాల్లోనే. అమ్మకి తీరిక లేనప్పుడు పూచీ మనిషిగా నేనే వెళ్ళేదాన్ని. అప్ప వరండాలో చాప మీద పిల్లకి జడ వేస్తూ, విప్పి మళ్ళీ వేస్తూ కూర్చునేది, సూర్యకాంతమ్మ గారు, ధనశ్రీ నాయనమ్మ, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని చిక్కుళ్ళు ఒలిచేది, నేను బాదం చెట్టు కింద గోడకి ఆనుకుని నిలబడేదాన్ని, ఏం చెయ్యాలో తెలియక. వెనక వరస క్వార్టర్ ముందు ఒకతను బండి కడుగుతూ ఉండేవాడు. ప్రతిసారీ కడుగుతూనే ఉండేవాడు. ఒక రోజు "మంచినీళ్ళు కావాలాండి" అన్నాడు. బండి కడిగే పైపు చేతిలో పట్టుకునే అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆ తరవాత నెలకో ఆదివారం కోసం అప్ప కన్నా నేనే ఎక్కువ ఎదురుచూశాను. బస్సులో వచ్చేటప్పుడు అప్ప కిటికీ వైపు మొహం పెట్టి ఏడ్చేది, నేను పక్కనే పెదాలు బిగబట్టి, పైపు, నీళ్ళు, బండి, అనుకుంటూ నవ్వు ఆపుకునేదాన్ని. ఒకే సీటు, ఒకే కుదుపులు. ఒకసారి అప్ప నా చెయ్యి పట్టుకుంది, నాకూ ఏడుపు వస్తోందనుకుని.

ఫోన్ సన్నగా మోగింది. శంకర్. డ్యూటీ దిగి క్యాంటీన్లో ఉన్నాడు. "షూ సైజు చెప్పు, నేలంతా పాచి ఉంటుందట, చెప్పులతో జారతావు." చెప్పాను. "నీ పాదం నా అరచెయ్యంత." అబద్ధం. "ఆదివారం కొలుద్దాం." నాకు ఒళ్ళంతా గోరింటాకు పెట్టినట్టు చల్లగా అయింది. తరవాత ఇంకో మెసేజి, "అవునూ, ఈ ఆదివారం మీ అప్ప పాప కోసం రావాలి కదా? మా ముందు వరసలో అనుకుంటున్నారు. తోడు ఎవరు? కావాలంటే మనం ఇంకో వారం వెళదాం." ఇంకో వారం. ఇంకో వారం ఆఫ్ మంగళవారం పడుతుంది, మంగళవారం ఏ స్నేహితురాళ్ళు అడవికి వెళతారు, అమ్మ నమ్ముతుందా. అయినా శంకర్‌కి ఇవన్నీ ఎందుకు గుర్తుండాలి. మంచివాడు. మరీ మంచివాడు, ఒక్కోసారి చికాకు పుడుతుంది. బొటనవేలితో రాశాను, "అమ్మ వెళుతోంది. కాళ్ళు తగ్గిపోయాయి." సంతోషం బొమ్మ పంపించాడు. దాని పక్కనే ఇంకోటి రాశాడు, "దారిలో సిగ్నల్ ఉండదట, ఇంట్లో ముందే చెప్పి పెట్టు." సిగ్నల్ ఉండదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎవరూ మనల్ని పిలవలేరు. చుక్కల గీత మీద మళ్ళీ వేలు పెట్టాను, గేటు, వెదురు పొదలు, కర్ర వంతెన.

ఆకాశం నల్లబడింది. వాన వచ్చేలా ఉంది. "బట్టలు" అని అమ్మ లోపలినుంచి అరిచింది. అప్ప పనిలోంచి లేచి నా మీదుగా దాటి మేడ మెట్లెక్కింది, దాటేటప్పుడు నా చెయ్యి తగలకుండా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుంది. తన ఫోన్ కిటికీ గూట్లో ఛార్జింగ్‌లో ఉంది. అప్ప చెప్పుల చప్పుడు పైకి వెళ్ళింది, నెత్తి మీద స్లాబు మీద నడిచింది, ఆగింది. అప్పుడు ఆ ఫోన్ మోగింది.

లేచి చూశాను. సూర్యకాంతమ్మ గారు. అప్పా అని కేక వెయ్యాలి, నోరు తెరిచాను కూడా, ఈలోగా గూడ్సు బండి వచ్చింది, బండి చప్పుడులో కేక వినపడదు, ఫోన్ ఆగిపోతుందేమోనని కుడిచేత్తో తీశాను. అంతే, అందుకే తీశాను.

"ఏటమ్మా హిమబిందూ."

నా గొంతూ అప్ప గొంతూ ఫోన్లో ఒక్కలా ఉంటాయని అందరూ అంటారు. కాదండీ జ్యోతిర్మయిని అనాలి. ఆవిడ సందు ఇవ్వలేదు.

"ఆదివారం తోడెవులొత్తన్నారు. మీ అమ్మ కాళ్ళు బాగోనేదంట గదా, ఇక్కడ సెప్పుకుంటన్నారు. నీ సెల్లి ఒత్తదంటే అది మా ఎనక వరస కొత్త కోడలాయె, ఆషాడంలో రాకూడదు. మరెవులు."

ఎవరు. నేను అనొచ్చు, ఆషాఢం లేదు గీషాఢం లేదు, నేనే వస్తానండి అని. అంటే ఆదివారం వరండా, బాదం చెట్టు, చిక్కుళ్ళు. పసుపు కోట్లు రెండూ కొక్కేనికి. అమ్మ తిట్లు, అత్తకి తెలిస్తే ఇంకో గొడవ. లేదా అడిగి చెబుతానండి, అప్ప మేడ మీద ఉంది, అనొచ్చు. ఎంత చిన్న మాట. కాని అడిగితే అప్ప మళ్ళీ నా వంక చూస్తుంది. పొద్దుట పొత్రం ఆపి చూడకుండా అడిగిందే, ఈసారి చూసి అడుగుతుంది. అప్ప చూసి అడిగితే నేను కాదనలేను. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"ఎవరూ లేరండి."

"అయితే రాకు" అందావిడ. కోపం లేదు, పాలు వద్దని చెప్పినట్టు చెప్పింది. "కిందటి నెలా నేదు, ఈ నెలా నేదు. పెద్దలకి మావోడు సెప్తాడు. నాను గొడవ పడను, నువ్వూ గొడవ పడకు. పిల్ల కూడా అలవాటు పడిపోనాది. ఉండు, లాక్కుంటంది."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. ఊపిరి. పిల్లలు ఫోన్‌ని మరీ నోటికి దగ్గరగా పెట్టుకుంటారు, ఊపిరంతా చెవిలో పడుతుంది.

"అమ్మా. ఆదివారం రావేటి."

ఇప్పుడైనా, పిన్నినే బంగారూ, అనొచ్చు. గోరింటాకు చెయ్యి గాలిలో పట్టుకుని నిలబడ్డాను.

"ఊహూఁ" అన్నాను.

"అలగే" అంది ధనశ్రీ. బిస్కెట్లు అయిపోయాయంటే అన్నట్టు. ఫోన్ పెట్టేశారు.

ఏడవలేదు. చూశావా, పిల్లే ఏడవలేదు. పెద్దవాళ్ళే దీన్ని ఇంత చేస్తారు. నాలుగేళ్ళ పిల్ల, ఇంకో నాలుగు నెలలు పోతే అడగను కూడా అడగదు, అప్పా కుదురుకుంటుంది, మళ్ళీ సంబంధం చూడొచ్చు, ఎవరో ఒకరు దొరక్కపోరు, నెలనెలా పుండు రేపుకోవడం కన్నా ఇదే మంచిదేమో. ఎవరూ లేరన్నది నిజమే కదా. అప్ప మాట్లాడినా అదే అనేది. ఆ మాట అప్ప నోటితో అనాల్సిన కష్టం నేను తప్పించాను, అలా చూస్తే. సాయంత్రం నెమ్మదిగా చెబుతాను. వాళ్ళు ఫోన్ చేశారప్పా, వద్దన్నారు అని. లేదా రేపు. కిటికీలోంచి చూస్తే ఆకాశం సీసపు రంగు, కొండ కనపడటం లేదు. ఇలాంటి వాన ఘాట్ మీద పడితే గెడ్డ బాగా నిండుతుంది, నీళ్ళు వంతెన దాకా వస్తాయా, వస్తే దారి మూసేస్తారా, శంకర్‌ని అడగాలి.

మెట్ల మీద చప్పుడు. అప్ప పరుగెత్తుకు వస్తోంది. అప్ప పరుగెత్తడం నేను చూసి ఎన్నాళ్ళయిందో. చేతుల నిండా బట్టలు, జుట్టు మీద చినుకులు, మొహం, ఆ మొహం చూసి నాకు ముందు భయం వేసింది, పైన వినపడిందేమో అని. నవ్వుతోంది.

"సిట్టమ్మ పిన్ని ఒత్తానంది."

"ఎవరు?"

"మన సిట్టమ్మ పిన్నే. పక్క మేడ మీద తనూ బట్టలు తీస్తంది. అడగనా ఒద్దా అనుకుంటా అడిగీసినాను. దానికేటే, అడగడానికి ఇన్నాళ్ళా, అంది."

చిట్టమ్మ పిన్ని అమ్మకి వరసకి చెల్లెలు, పక్కిల్లే. కాలవ దగ్గర గొడవపడి ఏడాదిగా రెండిళ్ళకీ మాటల్లేవు, అందుకే ఆ పేరు ఎవరికీ తట్టలేదు. లోపలినుంచి అమ్మ "దాన్నా, దాని సాయం మనకెందుకే" అంది, మళ్ళీ తనే "బేగి బయల్దేరమను, దానికి తెమలదు" అంది. అప్ప బట్టలన్నీ నా చాప మీద పడేసి మధ్యలో కూర్చుండిపోయింది, ఒగరుస్తూ. వాన వాసన, ఎండ వాసన కలిసిన బట్టలు. వాటిలోంచి ఒక చిన్న గౌను తీసి ముడతలు సాఫీ చేస్తోంది, ఎర్రది, కొత్తది, పెట్టెలో దాచింది కాబోలు ఉతికి ఆరేసింది. నేను చూస్తూ ఉండగానే మాట నా నోట్లోకి వచ్చి నిలబడింది. అప్పా, ఇప్పుడే ఫోన్ వచ్చింది. అంతే. తిరిగి ఫోన్ చేసి పిన్ని వస్తోందని చెబితే సరిపోతుంది, ఆవిడ గొణుగుతుంది, ఒప్పుకుంటుంది. కాని ముందు అడుగుతుంది అప్ప, ఎవులు తీశారు ఫోను, ఏటన్నావు, నువ్వు ఎందుకన్నావు. ధనశ్రీతో మాటాడినావేటి, ఏటంది. ఆ ఊహూఁ నేను ఎలా చెప్పాలి. ఏ మొహంతో చెప్పాలి. చెప్పాక ఇంట్లో ఏడుపు, అమ్మ, ప్రశ్నలు, ఆ స్నేహితురాళ్ళెవరే, ఏ ఊరు, ఫోన్ నంబరియ్యి. ఆదివారం ముక్కలైపోతుంది.

"నా ఫోను మోగినట్టయిందేటి" అంది అప్ప.

"కంపెనీ వాళ్ళు. లోను కావాలా అని."

నా కుడి బొటనవేలు అప్పటికే ఆ పని చేసేసింది. ఆ పేరు మీద నొక్కి, పట్టుకుని, చెత్తబుట్ట బొమ్మ. అప్ప పాస్‌వర్డ్ పెట్టుకోదు.

"ఇటివ్వు, సూర్యకాంతమ్మ గారికి సెప్పీస్తాను, పిన్ని ఒత్తందని. లేపోతే మళ్ళీ అంటారు."

"వద్దప్పా." ఎంత మామూలుగా వచ్చిందో ఆ మాట. "ముందే చెబితే ఏదో వంక పెడతారు. పిన్ని మనకి ఏ వరస అంటారు, పూచీ పనికిరాదంటారు. నేరుగా వెళ్ళి గుమ్మంలో నిలబడండి ఇద్దరూ. ఎదురుగా ఉన్న మనిషిని పొమ్మనలేరు."

అప్ప ఆలోచించింది. ఎర్ర గౌను ఒళ్ళో పెట్టుకుని, గుండీలు ఒక్కొక్కటీ పెడుతూ ఆలోచించింది. పొమ్మనగలరు. నాకు తెలుసు. రెండు నెలలు అయిపోయాయి, నువ్వే ఫోన్లో ఎవరూ లేరన్నావు, పిల్లతో కూడా రానన్నావు, పెద్దలకి చెప్పేశాం, అంటారు. నేనెప్పుడన్నాను అంటుంది అప్ప. ఎండలోనో వానలోనో ఆ బాదం చెట్టు కింద నిలబడి, నేనెప్పుడన్నాను, నేనెప్పుడన్నాను, అంటూ నాకు ఫోన్ చేస్తుంది. కలవదు.

"నిజమే" అంది అప్ప. "సదూకున్నదానివి, నీకు తెలస్తాది." నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. "నువ్వు ఎల్లిరా హాయిగా నీ ఫ్రెండ్స్‌తోటి. నా గురించి ఆలోచించకు. పొద్దుట అడిగీసినాను గాని, నీ మనసు పాడు సేసీసినానేటో అని పని సేత్తన్నంతసేపూ అదే అనుకున్నాను."

వాన దబదబా మొదలైంది. వీధిలో ఎవరో పిల్లలు అరుస్తూ పరిగెత్తారు. నా ఫోన్ చాప మీద వెలిగింది, శంకర్, షూ ఫోటో, తెల్లవి, పక్కన గులాబీ రంగు గీత. ఎంత ముద్దుగా ఉన్నాయో. నేను కొనుక్కున్నా అదే రంగు కొనుక్కునేదాన్ని, ఎలా తెలుస్తుంది ఈ మనిషికి. నవ్వు వచ్చింది. నిజంగానే వచ్చింది, ఆపుకున్నా ఆగలేదు. నేను నవ్వడం చూసి అప్ప కూడా, ఎందుకో తెలియకుండానే, నవ్వింది.

"ఆదివారం పొద్దున్నే లేచి ధనశ్రీకి పులిహోర కలుపుతాను" అంది లేస్తూ, గౌను భుజం మీద వేసుకుని. "దానికి పులుపంటే ఇష్టం. అందులోదే నీకూ డబ్బాలో పెట్టిస్తాను. అడవిలో ఏటి దొరుకుద్ది మీకు. ఎక్కువే సెయ్యనా?"

"ఎక్కువే చెయ్యప్పా" అన్నాను. "జీడిపప్పు బాగా వెయ్యి. మా వాళ్ళకి ఇష్టం."